ఒకే గోడ మీద రెండు లేత నీలాలు

గురువారం. పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలు. నిమిషంతో సహా ఎందుకు గుర్తుందంటే, ఆ ముందు గదిలో గోడ గడియారాన్ని రంగు కోసం నేనే దించి మంచం మీద పెట్టాను. ఆ మంచం పక్కన నిలబడే, పద్దెనిమిదేళ్ళు నాతో కలిసి పని చేసిన ఖాజాను అందరి ముందూ "జేబు ఖాళీ చెయ్" అన్నాను.

ఇల్లు కార్వాన్‌లో. నేనుండేది పురానాపూల్. గోడలకు రంగులు వేస్తూ నలభై ఏళ్ళు గడిపి, మోకాళ్ళు మొరాయిస్తే ఇంట్లో కూర్చున్నాను. కొత్తగా బ్రష్ పట్టిన పిల్లలు వచ్చి "బాపూ, పనిలో కిటుకులు చెప్పు" అంటుంటారు. కిటుకులు రంగుల కంపెనీవాళ్ళు చెబుతారు, చాయ్ సమోసా పెట్టి మరీ చెబుతారు. నేను ఆ గురువారం సంగతి చెబుతాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. వాక్యం వంకరగా ఉంటే సర్దుకోండి. గోడ వంకరగా చేసి మాత్రం ఎవర్నీ సర్దుకోమనలేదు.

చెంప ఆనించి చూడు

పెయింటర్ పని అంటే రంగు వేయడం అనుకుంటారు. రంగు ఎవడైనా వేస్తాడు. మా పని అనుమానించడం.

నాకు పని నేర్పింది బాలయ్య మేస్త్రీ. మంచివాడని చెప్పను. నోరు తెరిస్తే తిట్టు, చేతిలో ఏది ఉంటే దానితో దెబ్బ. కానీ ఆయన్ని ఏ గోడా మోసం చేయలేదు. "గోడ ఆరినట్టు కనవడ్తది, నమ్మకు. చెయ్యి పెట్టకు, నీ చేతికి కాయలు గాసినయి, తడి తెలవది. చెంప ఆనియ్యి" అనేవాడు. ఈ రోజుకీ నాకు తెలిసిన తేమ యంత్రం అదొక్కటే. కొత్త ఇంట్లో గోడకు చెంప ఆనించి నిలబడితే ఇంటివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆరు నెలలకు పొక్కులు లేస్తే నవ్వరు.

ట్యూబ్‌లైట్‌ను నమ్మవద్దు. దాని కింద రెండు లేత రంగులు కవల పిల్లల్లా ఉంటాయి, కిటికీ తెరిస్తే పరాయివాళ్ళయిపోతాయి. "నీ ఇష్టమే అన్నా, ఏ రంగైనా సరే" అనే ఇంటివాళ్ళను అసలే నమ్మవద్దు. రెండో కోటు అయ్యాక వాళ్ళకే అన్ని ఇష్టాలూ పుట్టుకొస్తాయి.

తడి రంగును నమ్మవద్దు. ఇది నేను ముక్కు పగిలి నేర్చుకున్నాను. నేను సున్నం వేస్తూ పెరిగినవాణ్ణి. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి వేస్తే, తడిగా ఉన్నప్పుడు గోడ మురికి పట్టినట్టు ముదురుగా ఉంటుంది, ఆరాక తెల్లగా లేస్తుంది. ఆ అలవాటుతోనే మొదటిసారి ప్లాస్టిక్ పెయింట్ పట్టాను, ఒక లాడ్జి గదిలో. తడి మీద లేతగా కనిపించింది. ఇంకొంచెం నీలం కలిపాను. ఇంకా లేతగానే ఉంది. ఇంకొంచెం. మర్నాడు తలుపు తీస్తే సిరాబుడ్డి లోపల నిలబడ్డట్టుంది. ప్లాస్టిక్ పెయింట్ ఆరాక ముదురుతుందని నాకెవరూ చెప్పలేదు. బాలయ్య మేస్త్రీ గది నడుమ నిలబడి, "సున్నం తడి మీద భయపెడ్తది, ఆరినంక నవ్విస్తది. ఇది ఉల్టా రా గాడిద కొడకా" అని, ఆ గదంతా మళ్ళీ నా ఒక్కడితోనే వేయించాడు.

గోడ, దీపం, ఇంటివాళ్ళు, తడి, దుకాణం, పక్కన పని చేసేవాడు. ఎవర్ని అనుమానించాలో నా దగ్గర అంత పెద్ద జాబితా ఉండేది.

పైదా, కిందదా

ఆ ఇల్లు సుగుణమ్మది. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. భర్త దేవదాసు బస్సుల మెకానిక్. ముందు గదిలో మంచం దేవదాసు తల్లి సంతోషమ్మది. డెబ్బై దాటిన మనిషి, కూర్చున్న చోటు నుంచే ఇల్లంతా నడిపేది.

ముందు గదికి లేత నీలం వేయాలని ముగ్గురూ ఒక్కమాట మీద ఉన్నారు. ఏ లేత నీలం అన్నదే లొల్లి. షేడ్ కార్డులో నీలాలు ఒకదాని కింద ఒకటి మెట్లలా దిగుతాయి, పైన పాలలాంటి లేత, అడుగున ముదురు. వాళ్ళ చూపు రెండో మెట్టు, మూడో మెట్టు మీద ఆగింది. రెండింటి మధ్య తేడా ఎంతంటే, ఒకే నీలంలో చిటికెడు బూడిద వేసినట్టు, వేయనట్టు. అంతే.

"మల్లేశన్నా, కిందదే మంచిగుంది" అంది సుగుణమ్మ. "పైది సూస్తే దవాఖాన యాదికొస్తుంది. దినమంతా డ్యూటీల గదే గోడ, ఇంటికొచ్చినా గదేనా?"

"దవాఖాన గాదు, చర్చి లోపలి రంగది" అని మంచం మీద నుంచి సంతోషమ్మ. "కిందది మబ్బు పట్టినట్టుంది. ఈ గదిల పండేది నేను. నా కండ్లకు ఎల్తురు గావాలె బిడ్డా."

దేవదాసు కార్డును దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "నాకైతే రెండూ ఒక్కటే గొడ్తున్నయి."

"నీకు ఉప్మా, బువ్వ గూడ ఒక్కటే గొడ్తయి. నువ్వు జర ఊకో" అంది సుగుణమ్మ.

ఇలా ఎనిమిది రోజులు. పాలు పోసే బాల్‌రాజు రోజూ గుమ్మంలో క్యాను దించి, "ఇంక తెగలేదా అక్కా? మా బర్రె సూడిదయి ఈనింది గూడ, మీ రంగు తెగకపాయె" అనేవాడు. అబద్ధమే, అంత కాలం కాలేదు. కానీ బాల్‌రాజు నోట్లో మాట ఏ ఇంటికి పోయినా ఒక మూరెడు పెరిగే పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

తొమ్మిదో రోజు సుగుణమ్మ తేల్చేసింది. కిందదే. దాని పేరును తన నోటుబుక్కులో రాసుకుంది, 'స్టిల్ లేక్' అట. రంగులకు పేర్లు పెట్టేవాడు ఏం తాగి పెడతాడో నాకు తెలియదు.

"అన్నా, చిట్టీ రాసిస్త, దుకాణంల ఇయ్యి."

"చిట్టీ ఎందుకమ్మా, కార్డు మీదనే టిక్కు పెట్టుకుంట" అన్నాను.

నిజం ఏమిటంటే నాకు చదవడం రాదు. నలభై ఏళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. చిట్టీ చేతికిస్తే "అద్దాలు ఇంట్ల మర్చిన, జర సదువమ్మా" అనేవాణ్ణి. నాకు అద్దాలు ఎప్పుడూ లేవు. ఖాజాకు కూడా ఉర్దూ తప్ప చదవడం రాదు, కాబట్టి మా ఇద్దరిలో పట్టుకునేవాళ్ళు లేరు. ఆమె చూపించిన నీలం ముక్కను ఆనుకుని ఉన్న అక్షరాల మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టి, అఫ్జల్‌గంజ్‌లో సేటు దుకాణానికి పోయాను. సేటు టిక్కు చూసి పేరు చదివి మిషన్‌లో రంగు కలిపాడు. రెండు బకెట్లు తెచ్చాను.

టోకెన్

మూడు గోడలు పూర్తయ్యాయి. నాలుగోది సగం అయ్యేసరికి రంగు అయిపోయింది. బుధవారం మధ్యాహ్నం అది. నేను పురానాపూల్‌లో వేరే ఇల్లు చూడ్డానికి పోవాలని తొందరలో ఉన్నాను. గోడ నడుమ పని ఆపకూడదు, మూల దాకా తెచ్చి ఆపాలి. ఆపింది నేనే. ఖాజాతో "డబ్బా తెచ్చి కతం చెయ్" అని వెళ్ళిపోయాను.

కార్డు నేను సేటు దగ్గరే మర్చిపోయాను. అందుకని సుగుణమ్మ నోటుబుక్కు చూసి చిట్టీ రాసిచ్చింది. ఖాజా పోయి చిన్న డబ్బా తెచ్చి, ట్యూబ్‌లైట్ వెలుగులో మిగిలిన సగం పూర్తి చేసి ఇంటికి పోయాడు.

ఇక్కడ టోకెన్ సంగతి చెప్పాలి. డబ్బా మూత కింద కంపెనీవాళ్ళు పెయింటర్ కోసం ఒక టోకెన్ పెడతారు, దుకాణంలో ఇస్తే డబ్బులొస్తాయి. అది ఇంటివాళ్ళకు తెలియదు, తెలిసినా పట్టించుకోరు. డబ్బా ఎవరు తెరిచినా టోకెన్ మేస్త్రీ చేతికి రావాలి, పండక్కి అందరికీ పంచాలి. మా పద్ధతి అది. ఈ టోకెన్ మీద జరిగినన్ని కొట్లాటలు కూలి మీద కూడా జరగవు.

గురువారం పొద్దున నేను పోయేసరికి కిటికీ తెరిచి ఉంది. నాలుగో గోడ నడుమ, పైనుంచి కిందికి, ఎవరూ గీయని గీత. ఇటు ఒక నీలం, అటు ఇంకో నీలం. బుధవారం తడి మీద, ట్యూబ్‌లైట్ కింద కనిపించలేదు. ఆరి, ఎండ పడేసరికి బయటపడింది.

సుగుణమ్మ డ్యూటీ చీరలో నిలబడి ఉంది. "అన్నా, ఇదేంది?"

ఆమె వంగి ఖాజా తెచ్చిన డబ్బా మీద చీటీ చదివింది. "స్టిల్ లేక్. నేను రాసిన పేరే. మరి నువ్వు ముందు తెచ్చినవి ఏం డబ్బాలు?"

ఆ బకెట్లు చూద్దామంటే, రంగు బకెట్ ఖాళీ అయ్యాక ఒక్క గంట కూడా నిలవదు కదా మన దగ్గర. ఒకటి బాల్‌రాజు బర్రెకు కుడితి పెట్టడానికి తీసుకుపోయాడు. రెండోది సంతోషమ్మ స్నానాల గదికి చేరింది, చీటీ పోయేదాకా పీచుతో తోమించి మరీ. బాల్‌రాజు అప్పుడే పాల క్యానుతో గుమ్మంలో ఉన్నాడు. "నాదాని మీద గూడ చీటీ లేదన్నా, బర్రె నాకేసింది" అన్నాడు.

సుగుణమ్మ అత్త వైపు తిరిగింది. "అత్తమ్మా, ఈ మూడు గోడలు నీ రంగే గదా? పైది. మల్లేశన్నతోని నువ్వేమన్న గుసగుస పెట్టినవా?"

"నేనా? నాకు చాయ్‌ల చక్కెరేసుకోనిస్తలేవు, గోడకు రంగేసుకోనిస్తవా?"

"దుకాణపోడే ఏదో చేసిండు" అన్నాడు దేవదాసు.

"దుకాణానికి పోయిందెవరు?" అంది సుగుణమ్మ, నన్ను చూస్తూ.

పిల్లలూ, ఇక్కడ దాచకుండా చెబుతున్నాను. ఆ వేలు నా మీద నిలబడక ముందే దాన్ని ఇంకొకరి మీదికి తిప్పాను. ఆలోచించి కాదు. నిచ్చెన జారితే చెయ్యి ఏది దొరికితే అది పట్టుకుంటుంది చూడండి, అలా.

"పేరు అదే ఉంటదమ్మా" అన్నాను. "డబ్బా అసలుది, లోపల సరుకు మారుస్తరు. సస్తా రంగు పోస్తరు, చవకది. నేను మస్తు చూసిన."

ఖాజా పెరటి గుమ్మంలో బ్రష్‌లు కడుగుతున్నాడు. చేతుల నుంచి నీళ్ళు కారుతుండగా లోపలికి వచ్చాడు. "కౌన్ మార్చిన్రు, మల్లేశ్ భాయ్?"

"టోకెన్ ఏది?"

"జేబులుంది. నిన్న నువ్వు లేవు గదా."

"పొద్దుగాల రాంగనే ఇయ్యలే. అడిగేదాంక ఇయ్యలే. ఇంకేమేం ఉన్నయి? జేబు ఖాళీ చెయ్."

అతను నన్ను చూశాడు. తర్వాత తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, జేబులో నుంచి ఒక్కొక్కటీ తీసి మంచం మీద గడియారం పక్కన పెట్టాడు. టోకెన్. సుగుణమ్మ రాసిన చిట్టీ. నాలుగు బీపీ గోలీలు మిగిలిన పట్టీ. సగం బీడీ కట్ట.

"బనీన్ గూడ విప్పాల్నా?" అన్నాడు.

సంతోషమ్మ, "అయ్యో దేవా, చూస్తే మంచోని లెక్కనే ఉంటడు" అంది మెల్లగా. ఖాజా ఆ మాట విన్నాడు. గోలీలు తీసుకుని వెళ్ళిపోయాడు. టోకెన్ అక్కడే ఉంది. కడిగిన బ్రష్ పెరట్లో గోడకు ఆనించి ఉంది.

దుకాణం బోర్డు

మధ్యాహ్నం ఆ డబ్బా పట్టుకుని సేటుతో కొట్లాడ్డానికి పోయాను. ఖాజా సరుకు ఎక్కడ మార్చాడో తేల్చాలని. సేటు మూత తీసి, పుల్లతో రంగు తీసి కార్డు మీద రాసి, ఫ్యాను కింద ఆరబెట్టాడు. అచ్చం కిందదే. సుగుణమ్మ కోరిందే.

"ఇది సహీ ఉంది. మరి పోయిన వారం నాకు గలత్ రంగు కలిపినవా సేటూ?"

"నేనెందుకు గలత్ ఇస్త? నువ్వు టిక్కు పెట్టిన కార్డు ఈడనే మర్చినవ్, చూస్కో." సొరుగులోంచి తీశాడు. "టిక్కు పెట్టింది 'సాఫ్ట్ రెయిన్' మీద. గదే ఇచ్చిన."

"అగో, నేను పెట్టింది ఈ కింద రంగు మీద" అని వేలు పెట్టి చూపించాను. "దీని మీద రాసి ఉన్న పేరుకు పెట్టిన."

సేటు నా వేలు చూశాడు, టిక్కు చూశాడు, నన్ను చూశాడు.

"మల్లేశ్, పేరు రంగు కింద ఉంటది. దీని మీద రాసింది పై రంగు పేరు."

పేరు పైన ఉంటుందనుకున్నాను. ఎందుకు అనుకోను? దుకాణానికి బోర్డు పైన ఉంటుంది. ఇంటికి పేరు గుమ్మం పైన రాస్తారు. బస్సుకు ఊరి పేరు నెత్తి మీద ఉంటుంది. మిషన్లు రాకముందు నేను తెల్ల రంగులో నీలం, పసుపు నా కంటితో కలుపుకునేవాణ్ణి, పేర్లతో పని లేదు. మిషన్ వచ్చాక కార్డు మీద టిక్కు మొదలుపెట్టాను. మొదలుపెట్టిన రోజు నుంచీ ప్రతి ఇంటికీ కోరిన దానికి ఒక మెట్టు పైనున్న రంగు వేశాను. లేత రంగులు కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినవాళ్ళు గోడ పీల్చిందనో, ఎండ మార్చిందనో అనుకున్నారు. నేనే అలా చెప్పాను.

సేటుకు నవ్వు ఆగలేదు. "ఇన్నేండ్ల సంది అందరి ఇండ్లకు పక్కింటోళ్ళ రంగేసినవ్ గదా భాయ్!"

"ఎవరికీ చెప్పకు" అన్నాను.

నా నోటి నుంచి మొదట వచ్చిన మాట అది. ఖాజా పేరు కాదు.

పన్నెండు రోజులు

సుగుణమ్మకు ఏం చెప్పానంటే, మిషన్ తప్పు కలిపింది, నేను మళ్ళీ వేస్తాను అని. "మరి ఖాజా?" అంది. "చూద్దాం" అన్నాను. ఆ ఒక్క మాటతో పన్నెండు రోజులు నెట్టాను. ఖాజా తప్పు లేదని చెప్పాలంటే తప్పు ఎవరిదో చెప్పాలి. అది చెప్పాలంటే నాకు చదువు రాదని చెప్పాలి. మేస్త్రీకి చదువు రాదని కార్వాన్‌లో తెలిస్తే ఎవరు పిలుస్తారు? నా ఫికర్ అంతా అదే.

ఈలోపు బాల్‌రాజు పాల క్యాను ఎన్ని గుమ్మాల్లో దిగిందో అన్ని గుమ్మాల్లో మాట దిగింది. టోకెన్ పెరిగి డబ్బా అయింది. డబ్బా పెరిగి డబ్బాలయ్యాయి. పురానాపూల్‌లో ఒకావిడ నాతోనే అంది, "పనికి ఎవరినన్న తెచ్చుకో అన్నా, ఆ ఖాజాను మాత్రం లోపటికి తేకు" అని. నేను తల ఊపాను. ఊపిన తల ఇదే.

రెండు గోడలు, ఆ నాలుగోదానిలో తప్పు సగం మళ్ళీ వేశాను, ఒంటరిగా. ఖాజా లేకుండా నిచ్చెన ఎక్కితే కింద ఎవరూ పట్టుకోలేదని ఒళ్ళు చెబుతుంది.

తొమ్మిదో రోజు పొద్దున సంతోషమ్మ నిద్రలో పోయింది. మంచం ముందు గదిలోనే ఉంది, శవపెట్టె కూడా అక్కడే పెట్టారు. జనం వచ్చారు. నేను గేటు లోపల కుర్చీలు సర్దుతున్నాను. చూస్తే రోడ్డుకు అవతల ఖాజా, తలకు రుమాలు కట్టుకుని, ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ముసలామె పని జరిగిన వారమంతా తన చాయ్‌లో సగం గ్లాసులో పోసి అతనికి ఇచ్చేది. కడసారి చూపుకు వచ్చాడు. గేటు దాటలేదు. తను దొంగ అనిపించుకున్న గది కదా అది.

నేను పోయి పిలవలేదు. ఇంకో మూడు రోజులు పట్టింది నాకు.

ఎవరి ముందు అన్నవో

పురానాపూల్ దగ్గర చాయ్ బండి. ఖాజా ఒక్కడే బల్ల మీద ఉన్నాడు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. కార్డు, టిక్కు, సేటు, చదువు రాకపోవడం. అతను చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"తప్పయింది భాయ్. మాఫ్ చెయ్."

"నాకెందుకు చెప్తవ్?" అన్నాడు. "నేను దొంగ కాదని నాకు ఎరుకే. ఆ దినం ఎవరెవరు ఉన్నరో వాళ్ళ ముందర చెప్పు. ఆ గదిలనే చెప్పు. సబ్‌కే సామ్నే."

ఆదివారం సుగుణమ్మ వాళ్ళు చర్చి నుంచి వచ్చాక పోయాం. బాల్‌రాజును కూడా పిలిపించాను. "నేనెందుకన్నా, నాకేం సంబంధం?" అన్నాడు. "నీ క్యాను గూడ తెచ్చుకో, ఇది గూడ మోసుకపోదువు" అన్నాను.

గదిలో మంచం తీసేశారు. గడియారం గోడకు ఎక్కింది. నేను నిలబడి చెప్పాను. ఖాజా తెచ్చిన డబ్బానే సరైనది, నేను తెచ్చినవే తప్పు, నాకు చదవడం రాదు, ఆ తప్పు నా మీద పడకుండా ఇతన్ని దొంగను చేశాను. నాలుగు వాక్యాలు. నలభై ఏళ్ళలో అంత ఎత్తు నిచ్చెన ఎక్కలేదు.

దేవదాసు నేల చూశాడు. బాల్‌రాజు క్యాను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

సుగుణమ్మకు కోపం వచ్చింది. "సదువు రాదని ఒక్క మాట చెప్తే నేనే సదివి చెప్పకపోదునా అన్నా? చిట్టీ రాసిస్తనంటిని గదా! నీ షాన్ కోసం ఈయన ఇజ్జత్ తీస్తివి." తర్వాత ఖాజా ముందు రెండు చేతులూ జోడించింది. "నేను గూడ ఊకున్న భాయ్. ఆ దినం నేను గూడ నీ జేబు దిక్కే చూసిన."

ఖాజా గదిలో అందర్నీ ఒకసారి చూసి, మంచం ఉండిన చోట చూపు ఆపాడు.

"ఒక్కరు తక్కువైన్రు" అన్నాడు.

పన్నెండు రోజుల్లో మొదటి ఎనిమిది రోజులు సంతోషమ్మ ఆ గదిలోనే, ఆ మంచం మీదే ఉంది. రోజూ నేను ఆమె పక్కనే గోడ వేశాను. నోరు తెరవడానికి నాకు ఎనిమిది రోజులున్నాయి.

ఖాజా తన బ్రష్ తీసుకుని పోయాడు. మళ్ళీ నాతో పనికి రాలేదు. ఇంకో మేస్త్రీ దగ్గర చేరాడు. కనిపిస్తే చాయ్ తాగుతాం, మాట్లాడుకుంటాం. కానీ నేను ఏదైనా అడగబోతే అతని చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోతుంది. అతను చూసుకోడు. నేను చూస్తాను.

మిగిలింది

సుగుణమ్మ నన్ను వదల్లేదు. చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది, ఆదివారం మధ్యాహ్నాలు నన్ను అదే గదిలో కూర్చోబెట్టింది. ముందు తెలుగు, తర్వాత డబ్బాల మీద చదవడానికి సరిపడా ఇంగ్లీషు అక్షరాలు. రాత చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది, బ్రష్ పట్టినంత గట్టిగా పెన్ను పడితే ముల్లు విరిగేది. గదిలో మూడు గోడలు కింది రంగే. ఒకటి మాత్రం, మంచం ఆనించి ఉన్న గోడ, మార్చవద్దంది. "అది అత్తమ్మ రంగు, ఉండనీ" అంది. నాకు అనుమానమే, ట్యూబ్‌లైట్ కింద సుగుణమ్మకు కూడా ఏది ఏదో తెలియదని. అడగలేదు.

పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. రెండు దగ్గరి రంగుల మధ్య ఇంటివాళ్ళు కొట్టుకుంటుంటే రెండూ గోడ మీద చెయ్యంత వేసి, ఆరనిచ్చి, పగటి వెలుగులో చూపించండి. డబ్బా మీద చీటీని ఇంటివాళ్ళతోనే బిగ్గరగా చదివించండి, మీకు చదువు వచ్చినా సరే. బకెట్ ఇచ్చే ముందు చీటీ చింపి దాచుకోండి. గోడను, దీపాన్ని, తడిని అనుమానించండి. తప్పు కనబడ్డాక మాత్రం మొదట మీ చెయ్యే చూసుకోండి, పక్కవాడి జేబు తర్వాత. నేను నలభై ఏళ్ళు ఆ వరస తిరగేసి పట్టుకున్నాను.

పోయిన నెల ఖాజా చాయ్ దగ్గర అడిగాడు, "రాసుడు వచ్చిందట గదా?"

"వచ్చింది."

"అయితే రాయి. పేర్లు గూడ రాయి."

అందుకే రాశాను. గురువారం పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు కార్వాన్‌లో ఆ ముందు గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు: డ్యూటీకి బయల్దేరుతున్న సుగుణమ్మ. ఆమె భర్త దేవదాసు. గుమ్మంలో పాల క్యానుతో బాల్‌రాజు. మల్లేశ్, అంటే నేను, అబద్ధం చెప్పినవాణ్ణి. మంచం మీద సంతోషమ్మ, ఆ అబద్ధం నిజమనుకునే పోయిన మనిషి. తడి చేతులతో ఖాజా, సరైన రంగు తెచ్చినవాడు.